చవితి అలంకరణల నడుమ పిల్లులు, కుక్కలు: మీ ఇళ్ళలో ఏ జాగ్రత్తలు తీసుకుంటారు?

పర్లాకిమిడి సభ్యురాలు:
మా ఇంట్లో పిల్లికూన అడుగుపెట్టాక వస్తున్న మొదటి వినాయక చవితి ఇది. పాలవెల్లికి కట్టే వెలగకాయలు, మొక్కజొన్న పొత్తులు, మెరుపు కాగితపు తోరణాలు, సీరియల్ లైట్లు అన్నీ దానికి ఆటవస్తువుల్లాగే కనిపిస్తాయి. పూజ చేసే చోటుకు తలుపు లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గుణుపురం సభ్యుడు:
అమ్మా, తోరణాలకన్నా వాటిని కట్టిన దారం గురించి ముందు ఆలోచించండి. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతు వైపుకు వంగి ఉంటాయి కనుక, నోట్లోకి వెళ్ళిన దారాన్ని అది సులభంగా ఉమ్మలేక మింగేస్తుంది. ఆ దారం ఒక కొస ఎక్కడైనా చిక్కుకుంటే పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి. నోటి నుంచి గానీ వెనుక నుంచి గానీ దారం కొస కనిపించినా లాగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. మెరుపు కాగితపు పోగులతోనూ ఇదే ప్రమాదం. మేము పూలదండలను పీట మీద పెట్టకుండా, పిల్లి అందుకోలేనంత ఎత్తున గోడమేకుకు వేలాడదీస్తాము. పూజ ముగియగానే దారాలన్నీ ఏరి మూత ఉన్న డబ్బాలో వేస్తాము.

రాయగడ సభ్యురాలు:
నా దృష్టిలో అసలు జాగ్రత్త పడవలసినది పత్రి విషయంలో. ఏకవింశతి పత్రాలలో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. ఈ మూడూ విషపు మొక్కలే. గన్నేరులో గుండె లయను చెడగొట్టే పదార్థం ఉంది, ఆకు ఎండిపోయినా ఆ విషం పోదు, కొమ్మలు ఉంచిన నీళ్ళు తాగినా ప్రమాదమే. చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, నీరసం దాని లక్షణాలు. ఉమ్మెత్త తింటే కంటిపాపలు బాగా పెద్దవై, నోరు ఎండి, జంతువు కంగారుగా తిరుగుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

బరంపురం సభ్యుడు:
మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఇదే పత్రితో పూజ చేస్తున్నాము, కుక్క ఏనాడూ దాని వైపు చూడలేదు. చేదు ఆకులను జంతువులు తమంతట తామే వదిలేస్తాయి గదా! కొంచెం ఎక్కువ భయపడుతున్నామేమో.

రాయగడ సభ్యురాలు:
పెద్ద కుక్కల విషయంలో మీ మాట చాలావరకు నిజమే కావచ్చు. అయితే పళ్ళు వస్తున్న కుక్కపిల్ల రుచి చూసి కొరకదు. ఉద్వాసన చెప్పాక పెరట్లో కుమ్మరించిన పత్రిలో ఉండ్రాళ్ళ ముక్కలు, బెల్లం కలిసి ఉంటాయి. ఆ వాసనకు వచ్చినది ఆకును వేరు చేసి తినదు. పక్కింటి మేకలు, ఆవులు కూడా అటే వస్తాయి, వాటికీ గన్నేరు ప్రాణాంతకమే. అందుకే మేము పత్రిని గొయ్యి తీసి పూడ్చేస్తాము.

గుణుపురం సభ్యుడు:
మరొక మాట. విషం తిన్నదని అనుమానం కలిగితే ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించే అలవాటు మన వైపు ఉంది. ఎక్కువైన ఉప్పే జంతువును చంపగలదు. తిన్న ఆకు మిగిలి ఉంటే దానిని వెంట తీసుకువెళ్ళండి. పండుగ సెలవుకు ఎవరు అందుబాటులో ఉంటారో ముందే విచారించుకోవాలి; పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్కనే కనుక, ఆంధ్రా వైపు డాక్టరు నంబరు కూడా రాసి ఉంచుకోవడం మంచిది. లైట్ల తీగలను గోడకు టేపుతో అంటించి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్లగ్గు తీసేస్తే చాలు.

పర్లాకిమిడి సభ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. దొరకని పత్రికి బదులు అక్షతలు సమర్పించడం మా ఇంట్లో ఆచారమే కాబట్టి ఈసారి ఆ మూడింటి బదులు అక్షతలే వేస్తాము. మా అత్తయ్యగారు ఒప్పుకున్నారు, కానీ ఒక్క జిల్లేడాకైనా ఉండాలన్నారు. దానిని పూజ కాగానే నేనే తీసి పూడ్చేస్తాను.