240 లీటర్ల మలావి ట్యాంకులో కొత్త సిక్లిడ్లను ఎలా వదలాలి?

ప్రశ్న
నాలుగడుగుల ట్యాంకులో ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందిన సిక్లిడ్ చేపలు, 8 ఎల్లో ల్యాబ్‌లు, 4 రస్టీలు ఉన్నాయి. పీహెచ్ 8.0, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20. ఇంకో 5 రెడ్ జీబ్రాలు తెద్దామనుకుంటున్నాను, రాత్రంతా సంచిలోనే ప్రయాణం. లైటు ఆపి వదిలేస్తే సరిపోతుందా? డ్రిప్ (ట్యాంకు నీటిని చుక్కలుగా కలుపుతూ చేపల్ని అలవాటు చెయ్యడం) ఎంతసేపు పెట్టాలి?

జవాబు 1
లైటు సంగతి చివర్లో. ముందు నాలుగు వారాలు క్వారంటైన్ తప్పదండి. 60 లీటర్ల ట్యాంకు, హీటరు, స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. ఆ స్పాంజ్‌ని ఇప్పుడే పాత ట్యాంకులో పెట్టి నెల రోజులు నడిపితే అమ్మోనియాని తగ్గించే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. అడుగున ఇసుక వెయ్యకండి, మలం కనబడాలి. అది తెల్లగా దారంలా సాగుతున్నా, తిండి నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తున్నా, పొట్ట ఉబ్బినా, ప్రాణం తీసే పొట్టజబ్బు అయిన బ్లోట్‌ని అనుమానించాలి. వల, బకెట్ దేనికవే విడిగా.

జవాబు 2
రాత్రంతా సంచిలో ఉన్న చేపలకు డ్రిప్ వద్దే వద్దు. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది కాబట్టి, పోగైన అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చెయ్యని అమ్మోనియంగా ఉంటుంది. మూతి విప్పగానే గ్యాస్ పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. గంటసేపు చుక్కలు వేస్తూ కూర్చుంటే చేపల్ని ఆ విషంలో ఉంచినట్టే. అమ్మేవాళ్ళని పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ముందే అడిగి క్వారంటైన్ నీటిని వాటికి దగ్గరగా సిద్ధం చెయ్యండి. మూసిన సంచిని 20 నిమిషాలు తేల్చి, విప్పిన వెంటనే చేపల్ని వలతో తీసి వదలండి. సంచి నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులోకి పోకూడదు. మీ 8.0కి తరవాతి వారాల్లో నెమ్మదిగా తేవచ్చు.

జవాబు 3
నన్నడిగితే రెడ్ జీబ్రాలే వద్దంటాను. ఎల్లో ల్యాబ్‌లతో జతకట్టి సంకర పిల్లల్ని పెడతాయి, పైగా దూకుడు ఎక్కువ. వాటి బదులు అసేయి అనే మలావి సిక్లిడ్ బాగుంటుంది, అది రాళ్ల కోసం అంతగా కొట్లాడదు.

ఏది తెచ్చినా, మెయిన్ ట్యాంకులో వదిలే రోజు ముందు రాళ్లన్నీ కదిపి కొత్తగా పేర్చండి. పాతవి కాపలా కాసేది ఆ గుహల్నే. హద్దులు చెరిగిపోతే అన్నీ కొత్తగా వెతుక్కోవలసిందే. బరువు రాళ్లు నేరుగా అడుగు గాజు మీదో, కింద పరిచిన షీటు మీదో నిలబడాలి, ఇసుక మీద పెడితే చేపలు తవ్వి పడగొడతాయి. పాతవాటికి మేత వేసి, లైటు ఆపి, కొత్తవాటిని ఒక్కొక్కటిగా కాక అన్నీ ఒకేసారి వదలండి. మూత మరవకండి, తరిమితే పైకి ఎగురుతాయి.

ప్రశ్న అడిగినవారు
అయితే అసేయిలే తెస్తాను. తరమడం ఎంతవరకు మామూలు?

జవాబు 3
రెండు మూడు రోజులు వెంటపడటం, రెక్కల అంచులు కాస్త చిరగడం మామూలే. ఒక చేప నీటి పైమూలలో నక్కి, మేతకు కూడా రాకపోతే ఆగకండి. దాన్ని కాదు, తరిమేదాన్ని నాలుగైదు రోజులు విడి ట్యాంకులో పెట్టండి. తిరిగొచ్చేసరికి దాని గుహ ఇంకొకరిదై ఉంటుంది. మొదటి వారం మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. కొత్త చేపల భారానికి ఫిల్టరు అలవాటుపడేదాకా అవి పెరగొచ్చు.