పేవర్ బ్లాకుల కింద పరుపుకు డస్ట్ వాడవచ్చునా?

ప్రశ్న:
ప్రొద్దుటూరులో మా వాకిట కారు నిలిపే చోట 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు పరిపించదలచాను. నేల నల్లరేగడి. బ్లాకుల అడుగున వేసే పరుపు పొరకు ఇసుక కంటే క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు మిగిలే రాతి పొడి) చవక కనుక దానినే 4 అంగుళాల మందాన పోద్దామని మేస్త్రీ అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చునా?

మొదటి జవాబు:
డస్ట్ వద్దండి. అందులో మెత్తని పొడి ఎక్కువ కావడంతో వాన నీరు కిందికి ఇంకదు. తడిసిన ఆ పొడి చక్రాల బరువుకు బురదై సందుల్లోంచి పైకి వస్తుంది, బ్లాకులు కుంగుతాయి. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన, మట్టి లేని గరుకు ఇసుకను 25 నుంచి 40 మిల్లీమీటర్ల మందాన పరచి, బద్దతో సమం చేసి, బ్లాకులు పేర్చిన తరువాతనే ప్లేట్ వైబ్రేటర్‌తో (అదురుతూ అదిమే పలక యంత్రంతో) కుదించాలి. 4 అంగుళాలు పోస్తే ఏ ఇసుకైనా దిగబడుతుంది. ఎగుడుదిగుళ్లను కింది కంకర పొరలోనే సరిచేయాలి గాని ఇసుకతో కప్పిపుచ్చకూడదు.

రెండవ జవాబు:
కడిగిన ఎం-శాండ్ (రాతిని నలగగొట్టి చేసే ఇసుక) కూడా పనికి వస్తుంది. అయితే రేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది కాబట్టి, మీ అసలు చిక్కు పరుపుది కాదు, దాని అడుగునున్న నేలది. నల్లమట్టిని వీలైనంత లోతు తీయించి, గరుసు నింపి, తడిపి, పొరలు పొరలుగా రోలరుతో తొక్కించండి. అంచులకు కాంక్రీటు కర్బు (అంచు గట్టు) కట్టకపోతే ఇసుక పక్కకు జారిపోతుంది. కర్నూలులో మా పెద్దనాన్నగారి ఇంట జరిగింది అదే.

అడిగినవారు:
ధన్యవాదాలండి. ఇసుకలో సిమెంటు కలపాలా?

మొదటి జవాబిచ్చినవారు:
అక్కరలేదు. కలిపితే పరుపు గట్టిపడి, నేల కదిలినప్పుడు పగులుతుంది. సందులకు మాత్రం సన్నని పొడి ఇసుకను ఊడ్చి నింపించండి.