అగ్ని భద్రతపై ప్రజల అవగాహనను ప్రశ్నాపత్రంతో కొలవగలమా?

చర్చ ప్రారంభం: టంగుటూరు నుంచి

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుపుతారు. ఆ వారంలో మేము కొందరం మా వీధిలో ఇంటింటికీ తిరిగి పది ప్రశ్నలు అడిగాము. 101 దేని నంబరో దాదాపు అందరూ చెప్పారు. పదికి తొమ్మిది సరిగ్గా చెప్పిన ఒక పెద్దావిడను, "అమ్మా, ఒక్కసారి రెగ్యులేటర్ కట్టేసి చూపిస్తారా?" అని అడిగాను. సిలిండరు బియ్యం డబ్బా వెనకాల ఉంది. డబ్బా జరిపితే తప్ప చెయ్యి పట్టలేదు, చెయ్యి పట్టాక చూస్తే మీట జిడ్డుతో బిగుసుకుపోయి తిరగలేదు. గ్యాసు పైపును ఎన్నేళ్లకొకసారి మార్చాలన్న ప్రశ్నకు ఐదేళ్లని ఆవిడ సరైన జవాబే చెప్పారు గాని, ఇంట్లో ఉన్నది అంతకంటే పాతదే. కాబట్టి చూడవలసింది జవాబును కాదు, వంటగదిని అని నా అభిప్రాయం.

సమాధానం: కావలి నుంచి

మీతో పూర్తిగా ఏకీభవించలేను. పరాయివాళ్లు వస్తున్నారంటే ఎవరైనా ముందే ఇల్లు సర్దుకుంటారు, అప్పుడు మీరు చూసేది రోజూ ఉండే వంటగది కాదు. పైగా వంటగ్యాసు గాలికంటే బరువైనదనీ, నేల మీదే పరుచుకుంటుందనీ తెలియని మనిషి వాసన పోవాలని ఫ్యాను వేస్తాడు, ఆ స్విచ్చి నిప్పురవ్వే చాలు. అక్కడ ప్రాణం నిలబెట్టేది తెలివిడే. లోపం ప్రశ్నలు అడిగిన తీరులో ఉంది. నాలుగు జవాబులు ముందు పెట్టి గీత పెట్టమనకుండా, "అర్ధరాత్రి వాసన వస్తే మొదట ఏం చేస్తారు, ఆ తర్వాత?" అని అడిగి, చెప్పిన వరుసలోనే రాసుకోండి. తలుపులు తెరవడం ముందు చెప్పారా, లైటు వేయడం ముందు చెప్పారా అన్నదానిలోనే అంతా బయటపడుతుంది.

మళ్లీ టంగుటూరు నుంచి

వరుస అడగాలన్న మీ మాట నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. అయితే తెలిసీ చేయనివారి సంగతి అప్పటికీ మిగిలిపోతుంది. మా మేనమామ పొగాకు బ్యారన్‌నే, అంటే ఇనుప గొట్టాల వేడితో ఆకును ఆరబెట్టే గదినే తీసుకోండి. ఐదారు రోజులు ఆరే ఆకులో ఒకటి కర్ర నుంచి జారి, కాలుతున్న ఇనుప గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం అంటుకుంటుందని ఆయనకు చెప్పవలసిన పని లేదు. గొట్టాలపైన కట్టిన ఇనుప జాలి తుప్పు పట్టి, ఒక మూల చెయ్యి దూరేంత చిరిగింది. ఎందుకు మార్చలేదంటే, కట్టెలకూ కూలీలకూ పోగా చేతిలో డబ్బు లేదన్నారు. ఆ మాట రాసుకోవడానికి మా కాగితంలో గడే లేదు, అందువల్ల ఆయన లెక్కలో 'అవగాహన ఉన్నవారు'గా మిగిలిపోయారు. వచ్చే క్యూరింగ్ (ఆకు ఆరబెట్టడం) మొదలయ్యే లోపు మీ ప్రశ్ననూ, 'ఎందుకు చేయలేకపోయారు' అనే గడినీ చేర్చి కొత్త కాగితం తయారు చేస్తాను. కావలిలో మీరు కూడా పది ఇళ్లలో దాన్ని పరీక్షించి చూడగలరా?