జీతం సరే, మరి బత్తెం ఏమిటి?

ప్రశ్న: ‘జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానన్నదట’ అంటాం కదా. ఇందులో జీతం, బత్తెం రెండూ ఒకటేనా? డబ్బూ దస్కం లాగా ఊరికే జంటగా వాడారా?

జవాబు: ఒకటి కాదండీ. చేసిన పనికి ఇచ్చేది జీతం, పనిలో ఉన్నన్నాళ్లూ తిండికని ఇచ్చేది బత్తెం. వండిన అన్నానికి సంస్కృతంలో ఉన్న ‘భక్తం’ అనే మాటతో దీన్ని ముడిపెడతారు. కన్నడంలో భత్త అంటే వడ్లు. మన ‘కరువు భత్యం’, కార్లవాళ్లు అడిగే ‘డ్రైవర్ బత్తా’ ఈ కోవలోవే.

ఈ తేడా ఎంత పెద్దదో ఈస్టిండియా కంపెనీ సైన్యం చరిత్రలో కనిపిస్తుంది. సిపాయి జీతం నెలకు ఏడు రూపాయలు. తిండి ఖర్చు అతనిదే. స్వస్థలం వదిలి దూరదేశం యుద్ధానికి వెళ్తే పైన బత్తా ఇచ్చేవారు. 1843లో సింధును కంపెనీ కలిపేసుకుంది. అంతకుముందు అది పరాయి దేశం కాబట్టి అక్కడ అదనపు బత్తా ఉండేది. ఇప్పుడు మన రాజ్యమే కదా అని కోసేశారు. ఎడారి అదే, ఎండ అదే, జ్వరాలు అవే! 1844లో సింధుకు వెళ్లాల్సిన బెంగాల్ 34వ పటాలం పంజాబులోని ఫిరోజ్‌పూర్ దగ్గర ముందుకు కదలమని భీష్మించింది. ఆ పటాలాన్నే రద్దు చేశారు.

అప్పుడు మద్రాసు సైన్యం వైపు చూశారు. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మద్రాసు గవర్నర్ ట్వీడ్‌డేల్ బర్మా యుద్ధం నాటి లెక్కన బత్తా ఇస్తామని చెప్పి 47వ పటాలాన్ని ఓడ ఎక్కించాడు. అంత ఇవ్వడం కుదరదని కలకత్తాలోని పైప్రభుత్వం అంది. బొంబాయి చేరాక సిపాయిలకు సంగతి తెలిసి కవాతులోనే ఎదురు తిరిగారు. మద్రాసు సిపాయిల భార్యాబిడ్డలు పటాలం వెంటే ఉండేవారు, సముద్రం దాటేటప్పుడు జీతంలో కొంత వాళ్లకు వదిలి వెళ్లాలి. బత్తా పోతే సిపాయికి మిగిలేదెంత? దీన్ని ‘క్రమశిక్షణ లోపం’ అని రాసి వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. మాట తప్పింది సిపాయి కాదు.

వ్యాఖ్య: మరి పాత లెక్కల్లో ‘రూపాయికి ఇంత బత్తా’ అని నాణేల దగ్గర కూడా కనిపిస్తుందే? అదేం తిండి ఖర్చు?

జవాబు: మంచి ప్రశ్న అండీ, చాలామంది తికమకపడేది ఇక్కడే. అది వేరే మాట. హిందీలో బట్టా, మనకు వట్టం. ఒక నాణేన్ని ఇంకో నాణెంగా మార్చేటప్పుడు షరాబు కోసుకునే తేడా అది. కామర్సు పుస్తకాల్లో డిస్కౌంటును వట్టం అనే అంటారు. ఇంగ్లీషువాళ్లు రెండింటినీ ఒకే స్పెల్లింగుతో రాసేశారు. కాబట్టి పాత కాగితం చదివేటప్పుడు జీతం పైన కలుస్తుంటే బత్తెం, చేతికొచ్చిన డబ్బులోంచి తగ్గుతుంటే వట్టం అనుకోండి.

మద్రాసులో వరహా, పణం, కాసు చెలామణీలో ఉండేవి. 42 పణాలు ఒక వరహా, 80 కాసులు ఒక పణం. 1818లో రూపాయిని ప్రమాణం చేసి నూరు వరహాలకు 350 రూపాయలని కట్టారు. ఆ లెక్కన రెండు వరహాలంటే ఏడు రూపాయలు, సరిగ్గా సిపాయి నెల జీతం. కంపెనీ రాజ్యమంతటికీ ఒకే తూకం రూపాయి 1835లో గానీ రాలేదు. అందాకా ఒకచోట పుచ్చుకున్న నాణెం ఇంకోచోట ఖర్చుపెట్టాలంటే వట్టం తప్పేది కాదు.

రాతలో ‘బత్తెం’, ‘భత్యం’ రెండూ ఒప్పే. సామెతలో మాత్రం బత్తెమే ఉంచండి, నోటికి అదే పలుకుతుంది.