జమీందారీ కళ్లాల్లో కుప్పలకు నిప్పు: తిరుగుబాటా, పగా, ప్రమాదమా?

నాగావళి:
విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస జమీల కింద ఉన్న ఊళ్లలో తెల్లదొరల కాలంలో వరికుప్పలు తగలబడ్డాయంటే దాన్ని రైతు తిరుగుబాటు గానే చూడాలని నా వాదన. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు కదలకుండా నిలిచిపోయింది. రైతు జమీందారుకు కట్టేది మాత్రం పెరుగుతూ పోయింది. బాకీ పడితే పంటను జప్తు చేసే అధికారం 1865 శిస్తు వసూలు చట్టంలో ఉంది. 1908 ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చింది కానీ జప్తు మాత్రం పోలేదు. కోర్టుకు పోవాలంటే వకీలు, స్టాంపు కాగితం, ఎడ్లబండి మీద రోజుల ప్రయాణం. అలాంటివాడి చేతిలో మిగిలింది నిప్పొక్కటే. ఇంగ్లాండులో 1830లో కూలీలు నూర్పిడి యంత్రాలు పగలగొట్టి, కుప్పలు కాల్చినప్పుడు 19 మందిని ఉరి తీశారు, 480 మందికి పైగా ఆస్ట్రేలియాకు పంపేశారు. దాన్ని ప్రపంచమంతా కూలీల తిరుగుబాటు అంటుంది. మన దగ్గర అదే పని జరిగితే పోలీసు కాగితంలో ఉన్న ‘దుండగం’ అన్న మాటే మనమూ పట్టుకు వేలాడాలా?

కళ్లంగట్టు:
నాగావళి గారూ, ఇంగ్లాండు పోలిక ఇక్కడ నిలవదండి. అక్కడ కుప్ప ఆసామిది, కూలీకి అందులో గింజ లేదు. కాలిపోతే నష్టమంతా ఆసామికే. మన అంబారం ఊళ్లలో, అంటే పంటను కళ్లంలోనే జమీందారూ రైతూ పంచుకునే ఊళ్లలో, లెక్క వేరు. కోత అయ్యాక పనలు ఆరబెట్టి, మోపులు కట్టి, కళ్లానికి చేర్చి కుప్ప వేస్తారు. అప్పటి నుంచి నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసి పంచుకునే దాకా ఆ ధాన్యం ఇద్దరిదీ. జమీ మనుషులు రాశి మీద ముద్ర వేసి, కావలి పెట్టి, పంపకం అయ్యే వరకు గింజ కదలనిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో కుప్ప కాలిందంటే జమీందారు వాటాతో పాటు రైతు వాటా కూడా పోయినట్టే. ఇంకో సంగతి, అందరూ మరిచిపోయేది: మేరలు. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, తలయారి, వీళ్లందరి ఏడాది కూడు కొలిచేది ఆ కళ్లం మీదే. కంబారికి, అంటే ఏడాది జీతానికి ఉన్న పాలేరుకు, కట్టిన గింజలు కూడా అక్కడి నుంచే. కుప్ప తగలబడితే మొదట పస్తు పడుకునేది వాళ్ల పిల్లలు. దాన్ని ‘ఊరి తిరుగుబాటు’ అని రాస్తే ఆ ఇళ్లకు అన్యాయం చేసినట్టు కాదా?

నగదు శిస్తు ఉన్న ఊళ్లలో ఇంకా నిలవదు. పంట మొత్తం రైతుదే. కాలినా, మునిగినా శిస్తు శిస్తే. తన కుప్ప కాలితే వాడికి తర్వాత వచ్చేది జప్తు నోటీసే.

గోస్తనీ:
చట్టం సంగతి కాస్త చెప్తాను, ఈ చర్చకు పనికొస్తుంది. భారత శిక్షా స్మృతి 1860లో చేసినది, 1862 జనవరి 1 నుంచి 2024 జూన్ దాకా అమలులో ఉంది. అందులో 435 సెక్షను నిప్పుతో ఆస్తి పాడుచేయడం గురించి. మామూలు ఆస్తి అయితే నష్టం కనీసం 100 రూపాయలు ఉండాలనేది. వ్యవసాయ పంట అయితే 10 రూపాయలు చాలని 1882లో చేర్చారు. శిక్ష ఏడేళ్ల దాకా. అంటే కుప్పకు నిప్పు అన్నది ఆనాటి సర్కారును ప్రత్యేకంగా భయపెట్టిన నేరమని ఆ పది రూపాయల గీతే చెప్తోంది. ఆ విషయంలో నాగావళి గారితో నేనూ ఏకీభవిస్తా.

అయితే ఈ నేరం అంటే ఏమిటో చెప్పే 425 సెక్షను కింద ఉన్న రెండో వివరణ చూడండి. తన సొంత ఆస్తిని గానీ, తనకూ ఇతరులకూ ఉమ్మడిగా ఉన్న ఆస్తిని గానీ పాడుచేసినా ఈ నేరం కిందికే వచ్చేది. పంపకం కాని అంబారం కుప్పకు ఇది అచ్చంగా సరిపోతుంది. రైతు తన కుప్పను తనే కాల్చుకున్నాడని కేసు పెట్టడానికి అడ్డేమీ ఉండేది కాదు. కాబట్టి నేరస్థుడి పేరు రైతుది అయినంత మాత్రాన నిప్పు పెట్టింది అతనేనని, అందులో తిరుగుబాటు ఉందని అనుకోవడం కష్టం. జమీ మనుషులు మొండి రైతును లోపల వేయించడానికి ఈ సెక్షను ఎంత సులువో ఆలోచించండి.

నాగావళి:
కళ్లంగట్టు గారూ, మీరు ఉమ్మడి కుప్ప దగ్గరే ఆగిపోయారు. నేను అంటున్నది జమీందారు సొంత కమతం కుప్పల గురించి, కొఠారుల గురించి, బాకీ వేలంలో భూమి కొనుక్కుని పాత రైతును దింపేసిన వాడి కుప్పల గురించి. అక్కడ పేదవాడి గింజ లేదు. అక్కడ నిప్పు ఎటు వైపు నుంచి వచ్చిందో ఊరంతటికీ తెలుసు, తలయారికీ తెలుసు, ఎవడూ నోరు విప్పడు. ఆ మౌనాన్ని మీరు ఏ ఖాతాలో రాస్తారు?

మహేంద్రగిరి:
ముందు అది పెట్టిన నిప్పో, పుట్టిన నిప్పో తేలాలి కదండీ. మన జిల్లాల్లో అశ్వయుజ, కార్తీకాల్లో తుపాను కొట్టేది సరిగ్గా కోతల ముందు. తడిసిన పనలను నాలుగైదు రోజులు మడిలో తిప్పితిప్పి ఆరబెట్టాలి. మళ్లీ మబ్బు పడుతుందన్న భయంతో పచ్చిగానే తెచ్చి కుప్ప వేసేస్తే లోపల ఆవిరి పడుతుంది. గడ్డిలో తేమ 20 శాతం దాటితే బూజు, సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. 60, 70 డిగ్రీల దాకా వాటి పని. ఆ వేడికి అవి చచ్చిపోయినా గాలిలోని ఆక్సిజన్‌తో గడ్డి మెల్లగా మాడడం మొదలై వేడి ఇంకా ఎక్కుతుంది. 80 దాటిందంటే ఎక్కడో లోపల నిప్పు గూడు కట్టిందనే అర్థం. ఇదంతా కుప్ప వేసిన రెండు వారాల నుంచి ఆరు వారాల లోపు జరుగుతుంది. వరి విషయంలో చాలాసార్లు అంత దూరం పోదు, గింజ ముక్కిపోయి మొలకలెత్తి ఆగిపోతుంది. గట్టిగా తొక్కి వేసిన పెద్ద గడ్డికుప్పల్లోనే భయం.

గుర్తుపట్టడం కష్టం కాదు. లోపలి నిప్పుకు ముందు రోజుల తరబడి పులిసిన వాసన, మాడిన బెల్లం లాంటి వాసన వస్తుంది. కుప్ప నడుమ కుంగుతుంది. తెల్లవారుజామున నెత్తి మీంచి ఆవిరి లేస్తుంది. తెరిచి చూస్తే నడిమధ్య బొగ్గు, బయట కాలని గడ్డి. బయటి నుంచి అంటుకున్నదైతే తిరగేసి ఉంటుంది. ముందు గాలివాటు వైపు చర్మం కాలుతుంది. పనలు పేర్చేటప్పుడు వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెడతారు కాబట్టి మొదళ్లు మాడి, లోపల గింజ చాలా వరకు మిగలొచ్చు. అందుకే కుప్ప అంటుకున్నప్పుడు పైన కడవలు గుమ్మరించడం వృథా. వాన నీరు జారిపోయేలా వేసిన వాలు మీద ఆ నీళ్లు కూడా జారిపోతాయి. కొక్కేలతో లాగి, విడదీసి, విడివిడిగా తడపాలి. లేకపోతే మూడో రోజు మళ్లీ రాజుకుంటుంది. ఆ రెండో మంటను ‘మళ్లీ ఎవరో పెట్టారు’ అని రాసేసే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. కళ్లం కాపలాకు పడుకున్నవాళ్లు చలికి వేసుకున్న నెగళ్ల వల్ల, నోటి చుట్టల వల్ల కూడా కుప్ప అంటుకోవచ్చు. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్లు అడ్డపొగ తాగేది నిప్పు వైపు నోట్లో పెట్టుకునే కదా, గాలికి నిప్పురవ్వ రాలదు. మగవాళ్ల మామూలు చుట్ట అలా కాదు.

కళ్లంగట్టు:
మహేంద్రగిరి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బూడిద చూడాలి. వడ్ల ఊక వడ్ల బరువులో దాదాపు అయిదో వంతు. ఆ ఊక కాలితే మళ్లీ దాని బరువులో అయిదో వంతు బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా. అందుకే మాడిన వడ్లగింజ బూడిదైనా గింజ ఆకారంలోనే నిలుస్తుంది. వేలితో నొక్కితే గాని పొడి కాదు. ఉత్త గడ్డి బూడిద అలా ఉండదు, ఊదితే లేచిపోతుంది. కుప్ప నిండా పంట ఉండి కాలితే అడుగున నల్లటి, తెల్లటి గింజ ఆకారాలు చాళ్లుగా కనిపించాలి. అవి లేవంటే గింజ ముందే కళ్లం దాటిందని.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఉమ్మడి కుప్పను రైతు కాల్చడానికి అర్థం ఉన్న సందర్భం ఇదొక్కటే. రాత్రికి రాత్రి వెన్నులు రాల్చుకుని గింజ దాటించి, ఖాళీ పనలకు నిప్పు పెట్టి ‘కాలిపోయింది’ అనడం. అది జమీందారు వాటా ఎగ్గొట్టే పని. దాన్ని ప్రతిఘటన అంటే నేను ఒప్పుకుంటాను. అయితే అక్కడ ఆయుధం గింజను దాటించడం. నిప్పు దాన్ని కప్పిపెట్టే ముసుగు.

నాగావళి:
ఇది బాగుంది. నా వాదనను కొంచెం సవరించుకుంటాను. ఉమ్మడి కుప్ప విషయం వదిలేస్తున్నా. కమతం కుప్ప, వేలం కొన్నవాడి కుప్ప మాత్రం వదలను.

గోస్తనీ:
గడ్డికుప్ప మాట ఎవరూ ఎత్తలేదు. నూర్పు అయ్యాక మిగిలిన గడ్డి సాధారణంగా సాగు చేసినవాడిదే. పుష్యం నుంచి మళ్లీ వానలు పడి పచ్చిక లేచే దాకా ఎడ్లకు అదే మేత. పంపకం అయ్యాక ఒక రైతు గడ్డికుప్ప కాలిందంటే జమీందారుకు పోయింది పూచికపుల్ల కూడా కాదు. ఆ రైతు వేసవిలో ఎడ్లు అమ్ముకోవాలి. మరుసటి ఏడు దున్నడానికి అరక ఉండదు, భూమి పక్కవాడికి కౌలుకు పోతుంది. గట్టు తగాదా ఉన్నవాడికో, దాయాదికో అంతకంటే కావలసింది ఏముంది? కాబట్టి పాత కాగితాల్లో ‘కుప్ప’ అన్న ఒక్క మాట కనిపిస్తే చాలదు. వరికుప్పా గడ్డికుప్పా, మార్గశిరమా ఫాల్గుణమా, చూడాల్సిందే.

మహేంద్రగిరి:
పైన కొండల సంగతి కూడా. 1882 మద్రాసు అడవుల చట్టం వచ్చాక రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం అయింది. సవరలు, జాతాపులు తరతరాలుగా పోడు కొట్టి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి చోళ్లు, సామలు, కందులు చల్లుకునేవాళ్లు. ఆ నిప్పు వాళ్లకు వ్యవసాయంలో ఒక పని, మనకు నాగలి ఎలాగో అలాగ. కాగితంలో మాత్రం అదీ నేరమే. పల్లం కుప్పల మంటలతో దీన్ని కలిపి ఒకే పట్టిక వేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

నాగావళి:
ఆ కొండ దిగువనే కదండీ, మందస జమీలో అడవి కట్టెల గొడవలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో గున్నమ్మ ప్రాణం ఇచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో కిసాన్ మహాసభ. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా 1937-38లో రైతులు నడిచారు. ఇంత కోపం ఉన్న నేలలో నిప్పు మాత్రం పగవాళ్లదే, చుట్టలదే అంటే నా మనసు ఒప్పదు.

కళ్లంగట్టు:
కోపం ఉందండి, కాదనను. మీరు చెప్పిన మూడింటిలో జనం చేసింది ఏమిటో చూడండి: కట్టెలు తెచ్చుకున్నారు, సభ పెట్టారు, నడిచారు. అన్నీ పట్టపగలు, మొహం చూపించి చేసినవే. ఆ తర్వాత 1968 నవంబరులో శ్రీకాకుళం జిల్లా గరుడభద్రలో కూడా భూస్వామి చేలో పంట కోసుకుపోయారు, కాల్చలేదు. ఆకలి ఉన్నవాడు గింజను ఇంటికి తెచ్చుకోవాలని చూస్తాడు. అయినా మీ కమతం కుప్పల వాదన నేను కొట్టెయ్యను. కేసు దొరికితే నాలుగు సంగతులు తేల్చండి: ఆ కుప్ప పంపకానికి ముందుదా, తర్వాతదా, ఆ ఏడు జప్తు గానీ, వేలం గానీ జరిగిందా, పక్కనే ఉన్న రైతు కుప్పలు అంటుకున్నాయా, లేక గాలివాటులో ఉన్నా తప్పించుకున్నాయా, బూడిదలో గింజ ఉందా. గాలికి దిగువన ఉన్న చిన్న రైతు కుప్పలను ఎవరో ముందుగానే దూరంగా జరిపి ఉంటే మాత్రం మీ మాటే నిజం. ఆ రాత్రి ఏం జరగబోతోందో ఊరికి ముందే తెలుసన్నమాట.

నాగావళి:
కుప్ప జరపడం అంటే పది మంది ఒక పూట మోయాలి. తలయారికి తెలియకుండా జరగదు. సాక్షుల వాంగ్మూలాల్లో ‘ఫలానావాడు కుప్ప ఎందుకు మార్చాడు’ అన్న ప్రశ్న ఎక్కడైనా ఉందేమో, నేను అక్కడి నుంచే వెతకడం మొదలుపెడతాను.