అరకిలో మటన్ ఆరుగురికి ఎలా సరిపెట్టాలి?

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక గృహిణి):

అత్తమ్మ, మామయ్య, మావారు, నేను, పదిహేనేళ్ళ పాప, పన్నెండేళ్ళ బాబు కలిసి మా ఇంట్లో ఆరుగురం ఉంటాం. మాంసానికి వారానికి 500 రూపాయలకు మించి తీయలేము. మా దగ్గర మటన్ కిలో 900 రూపాయలు ఉన్నందువల్ల ఆదివారం అరకిలో తెచ్చి వండుతున్నాను. పొయ్యి మీద ఉన్నప్పుడు కూర నిండుగానే కనిపిస్తుంది గాని, మగవాళ్ళకూ పిల్లలకూ వడ్డించేసరికి అత్తమ్మకు, నాకు ఎముకలూ పులుసూ మాత్రమే మిగులుతున్నాయి. ఒక మనిషికి నిజంగా ఎంత మాంసం సరిపోతుంది? పిల్లలు మొహం మాడ్చుకోకుండా కూరను పెంచే మార్గం ఏమిటి? మటన్ పూర్తిగా మానేసి కోడికి మారడం మంచిదా? పాపకు రక్తం తక్కువగా ఉందని ఈ మధ్యనే డాక్టరు చెప్పారు కాబట్టి ఆ విషయం కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరు.

జవాబు 1 (ఖమ్మం, విద్యార్థుల వసతిగృహంలో వంట చూసినవాడు):

అమ్మా, ముందుగా తూకం సంగతి చూద్దాం. అంగట్లో తూచిన అరకిలోలో ఎముకలు పోగా సుమారు 400 గ్రాముల మెత్తటి మాంసం ఉంటుంది. ఉడికేటప్పుడు నీరూ కొవ్వూ దిగిపోయి అందులో దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అంటే ఆరుగురికి తలా 50 గ్రాములు వస్తాయి. కూరలో పప్పో కూరగాయో ఉంటే అది తక్కువేమీ కాదు. మీ ఇంట్లో కొరత మాంసంలో కన్నా వడ్డనలోనే ఉందని నాకు అనిపిస్తోంది.

ముక్కలు చిన్నవిగా కొట్టమని దుకాణంలోనే చెప్పండి. అరకిలోకు పదిహేను పెద్ద ముక్కలు వస్తే ఒకరికి రెండు, ఇంకొకరికి మూడు పడి పేచీ మొదలవుతుంది. అదే ముప్ఫై ముక్కలైతే తలా ఐదు చొప్పున లెక్క తేలుతుంది. వందమంది పిల్లలకు వడ్డించిన రోజుల్లో మేము ముక్కలను పులుసులోంచి తీసి విడిగా పళ్ళెంలో పెట్టుకొని, లెక్కపెట్టి వేసి, పైన పులుసు పోసేవాళ్ళం. గరిటెతో కలిపి వడ్డిస్తే మొదటి వరుసలో కూర్చున్నవాడే అదృష్టవంతుడు.

ఇక పెంచే మార్గాలలో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది దాల్చా. మాంసాన్ని ఎముకలతో సహా పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి వేసి కుక్కరులో ఉడికించి, ముక్కలను తీసి పక్కన పెట్టండి. గంటసేపు నానబెట్టిన పావుకిలో శనగపప్పును ఆ ఉడికిన నీళ్ళలోనే మెత్తగా ఉడికిస్తే మాంసం రుచంతా పప్పుకు పడుతుంది. తరువాత ఉల్లిపాయలు, కారం, ధనియాల పొడి వేయించి కలిపి, సొరకాయ ముక్కలు వేసి, అవి మెత్తబడిన తరువాతే చింతపండు రసం పోయాలి. పులుపు ముందే తగిలితే పప్పూ సొరకాయా రెండూ బిరుసెక్కుతాయి. చివర్లో మాంసం ముక్కలు కలిపి ఐదు నిమిషాలు మరిగిస్తే చాలు. ఆరుగురు తినగా మరునాటికి కూడా మిగులుతుంది.

గోంగూర, దోసకాయ, ఎండాకాలం మొదట్లో దొరికే చింతచిగురు కూడా మటన్‌తో బాగా కలుస్తాయి. ఆలుగడ్డ వేస్తే గిన్నె నిండినట్టు కనిపిస్తుంది గాని, అన్నం మీద అన్నం తిన్నట్టే ఉంటుందని నా అభిప్రాయం.

జవాబు 2 (హైదరాబాద్, పోషకాహార శాస్త్రం చదివినవారు):

పై జవాబులోని లెక్క సరైనదే. దానికి కొంచెం చేర్చుతాను. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవాళ్ళకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. 55 కిలోల స్త్రీకి అది దాదాపు 46 గ్రాములు. మీ వంతుగా వచ్చే మటన్‌లో సుమారు 13 గ్రాములు, దాల్చాలోని పప్పులో ఏడెనిమిది గ్రాములు ఉంటాయి. మిగిలినది అన్నం, పెరుగు, గుడ్డు కలిసి సమకూరుస్తాయి. కాబట్టి ఆదివారం ముక్కల సంఖ్య గురించి కన్నా, మిగిలిన ఆరు రోజులు పప్పు ఎంత చిక్కగా ఉందన్న దాని గురించే ఎక్కువ ఆలోచించాలి.

మటన్ పూర్తిగా మానవలసిన పని లేదు. ఒక వారం మటన్, మరో వారం కోడి తెచ్చుకోండి. అదే డబ్బుకు కోడి రెండింతలకు పైగా వస్తుంది. అయితే బతికిన కోడి ధరనూ చర్మం తీసిన మాంసం ధరనూ పోల్చకండి. రెండు కిలోల కోడిని కోసి చర్మం తీయిస్తే చేతికి వచ్చేది సుమారు కిలో 300 గ్రాములే. శ్రావణ, కార్తీక మాసాల్లో మాంసం తినేవారు తగ్గడం వల్ల ధర సాధారణంగా దిగుతుంది. ఆ వారాలను వదులుకోవద్దు.

మీ పాప విషయంలో ముందు డాక్టరు చెప్పిన మందు మానకూడదు. దానికి తోడుగా పది పదిహేను రోజులకు ఒకసారి కోడి కార్జం వండి పెట్టండి. ధర తక్కువ, ఇనుము మాత్రం మెత్తటి మాంసంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మీద నిమ్మరసం పిండి, తిన్న వెంటనే చాయ్ తాగకుండా చూడండి, ఎందుకంటే చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కార్జంలో విటమిన్ ఎ చాలా అధికం కాబట్టి గర్భిణులు మాత్రం దీనికి దూరంగా ఉండటం మంచిది.

జవాబు 3 (మచిలీపట్నం):

మా వైపు ఈ చిక్కు ఎండు రొయ్యలతో తీరుతుంది. వంద గ్రాముల ఎండు రొయ్యలను తల, తోక తుంచి, నూనె లేకుండా వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వంకాయలోనో గోంగూరలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది. ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి కూరలో తగ్గించి వేయండి. మీ అత్తమామలలో ఎవరికైనా రక్తపోటు ఉంటే దీన్ని తరచుగా వండవద్దు.

ప్రశ్న వేసినవారు మళ్ళీ:

అందరికీ ధన్యవాదాలండీ. నిన్న ఆదివారం దాల్చా చేశాను. దుకాణంలో చిన్నగా కొట్టిస్తే ముప్ఫై ఒక్క ముక్కలు వచ్చాయి. అత్తమ్మ వడ్డించడానికి ముందే రెండు గిన్నెల్లో ఐదేసి ముక్కలు తీసి మూత పెట్టేశారు. ముక్కలు ఇంత చిన్నగా ఉన్నాయేమిటని మామయ్య ఒకసారి అడిగారు గాని, రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మిగిలిన ఆ ఒక్క ముక్క కోసం పిల్లలిద్దరూ గొడవపడితే దాన్ని మావారే తినేశారు. ఈ ఉదయం మిగిలిన దాల్చాను బాగా మరిగించి జొన్నరొట్టెతో పెట్టాను. వచ్చే వారం కోడి, దానితోపాటు పావుకిలో కార్జం తెచ్చుకుంటాము.