1/ఎక్స్² ఎప్పుడూ ప్లస్సే కదా, ఇంటిగ్రల్ మైనస్ ఎలా వచ్చింది?

కొత్తగా_క్యాలిక్యులస్:
డెఫినిట్ ఇంటిగ్రల్స్ ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక లెక్క దగ్గర బుర్ర వేడెక్కిపోయింది. 1/ఎక్స్² ని -1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేయాలి. ఇంటిగ్రేట్ చేస్తే -1/ఎక్స్. ఎగువ హద్దు వేస్తే -1, దిగువ హద్దు వేస్తే 1. తీసేస్తే -2. స్టెప్పుల్లో తేడా ఏమీ కనబడటం లేదు. కానీ వర్గం ఎప్పుడూ ప్లస్సే, గ్రాఫ్ మొత్తం అక్షానికి పైనే ఉంది. అక్షం కిందికి వెళ్తే మైనస్ వస్తుందని తెలుసు, ఇక్కడ కింద ఏమీ లేదే!

సూటిగా:
హద్దుల మధ్యలో సున్నా ఉంది. అక్కడ ఫంక్షన్‌కి విలువ లేదు. ఆ ఫార్ములా వాడకూడదు. అంతే.

కొత్తగా_క్యాలిక్యులస్:
వాడకూడదు సరే, ఎందుకని? పోయింది ఒక్క బిందువే కదా. ఒక్క గీతకు వైశాల్యం ఉండదని క్లాసులోనే చెప్పారు.

గ్రాఫు_గీసి_చూడు:
ఒక్క బిందువే, నిజమే. కానీ అది చుట్టుపక్కల వాటిని కూడా పైకి లాక్కుపోతోంది.

కాసేపు -1/ఎక్స్ ని పక్కన పెట్టండి. రెండు విలువలు వేసి తీసేయడం షార్ట్‌కట్ మాత్రమే. అసలు నిర్వచనం కూడిక: అడుగును సన్నటి ముక్కలు చేసి, ఒక్కో ముక్క వెడల్పును అక్కడి ఎత్తుతో గుణించి, అన్నీ కూడాలి. ముక్కలు సన్నబడేకొద్దీ ఆ మొత్తం ఒక సంఖ్య దగ్గర కుదురుకోవాలి. (పరీక్షలో ఎలాగూ అడగరని దీన్ని అందరం దాటేస్తాం.)

ముందు బుద్ధిగా ఉండే ఎక్స్² ని 0 నుంచి 1 వరకు చూడండి. 10 ముక్కలు చేసి ప్రతి ముక్కకూ కుడి చివరి ఎత్తు తీసుకుంటే మొత్తం 0.385, ఎడమ చివరిదైతే 0.285. అదే 100 ముక్కలకు 0.33835, 0.32835. రెండూ చెరోవైపు నుంచి 1/3 ని బిగిస్తున్నాయి.

ఇప్పుడు 1/ఎక్స్², అదే 0 నుంచి 1. పది ముక్కల్లో మొదటిదాని వెడల్పు 0.1, కుడి చివర ఎత్తు 100. ఆ ఒక్క ముక్కే 10! వెయ్యి ముక్కలు చేస్తే మొదటిదాని వెడల్పు 0.001, ఎత్తు పది లక్షలు, వైశాల్యం 1000. పైగా కుడి చివర అంటే ఆ ముక్కలో అతి తక్కువ ఎత్తు. సన్నగా కోసేకొద్దీ మొత్తం పెరిగిపోతుంటే ఇంకెక్కడ కుదురుకుంటుంది?

మరి -2 ఎక్కడిది? -1/ఎక్స్ గ్రాఫు గీయండి. -1 దగ్గర ఎత్తు 1 తో మొదలై, సున్నా వైపు వచ్చేకొద్దీ ఎక్కుతూనే ఉంటుంది. సున్నా దాటగానే అట్టడుగు నుంచి మళ్లీ ఎక్కుతూ -1 కి చేరుతుంది. రెండు వైపులా ఎక్కడమే. మీ తీసివేత మాత్రం రెండు చివరలే చూసి, రెండు మెట్లు దిగావంటోంది. మధ్యలో తెగిన చోటు దానికి తెలియదు. తెగకుండా ఉన్న మేరకే ఆ ఫార్ములా చెల్లుతుంది.

వర్గమూలం:
చిన్న చేర్పు. ఎత్తు అనంతానికి పోతే ప్రతిసారీ ఇంతే అనుకోకండి. 1/√ఎక్స్ కూడా సున్నా దగ్గర అలాగే లేస్తుంది. కానీ దాన్ని 0.0001 నుంచి 1 వరకు చేస్తే 1.98, 0.000001 నుంచి చేస్తే 1.998. అంటే 2 దగ్గర ఆగుతుంది. అవే హద్దులకు 1/ఎక్స్² ఇచ్చేది 9999, 999999. ఎంత వేగంగా లేస్తోందన్నదే తేడా.

కొత్తగా_క్యాలిక్యులస్:
గ్రాఫు గీశాక దిగింది. మరి పరీక్షలో టెన్షన్‌లో ఇలాంటివి పట్టుకోవడం ఎలా?

గ్రాఫు_గీసి_చూడు:
హద్దులు వేసే ముందు హారం ఎక్కడ సున్నా అవుతుందో చూడండి, ఆ చోటు హద్దుల మధ్య పడితే ఆగండి. టాన్ ఎక్స్ వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త, దాని హారంలో కాస్ దాక్కుని ఉంటుంది.